పేరు మార్చిన ఫైలు

ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో నేను జనగామలో ఒక ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేసేదాన్ని. బందు, ధర్నా, వంటావార్పు, ఏది జరిగినా ముందు మా షాపుకే వచ్చేవాళ్లు. తెలంగాణ కోసమని ప్రాణాలు తీసుకున్న పిల్లల సంతాప సభలకూ ఫ్లెక్సీలు మావే. నాయకుల ముఖాలు మా సిస్టంలో ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి, దండం పెడుతూ ఒకటి, చెయ్యి ఊపుతూ ఒకటి. చచ్చిపోయినవాడి ముఖం కోసమే ప్రతిసారీ వెతుక్కోవాల్సి వచ్చేది. నాకు ఒళ్లు మండేది. అయినా ఆ పనే చేసేదాన్ని.

ఒకరోజు పొద్దున దేవరుప్పుల దిక్కు నుంచి ఒకామె వచ్చింది. డిగ్రీ చదివే కొడుకు అట్లాగే ప్రాణం తీసుకుని వారం దాటింది. ఆ సాయంత్రమే ఊళ్లో సభ. వెంట ఒక పార్టీ మనిషి ఉన్నాడు. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "ఇట్ల రా అవ్వా, కూసో" అని నా పక్కనున్న స్టూలు జరిపాను.

కొంగు ముడి విప్పి ఫోను మెమరీ చిప్పు నా చేతిలో పెట్టింది. "ఇండ్ల ఉన్నది బిడ్డా, వాని ఫోటో. నేను, వాడు కలిసి దిగినం. గిదొక్కటే మిగిలింది."

ఇంట్లో ఉన్న రెండు ఫోటోలనూ పేపరువాళ్లొకటి, పార్టీవాళ్లొకటి పట్టుకుపోయారట. మళ్లీ తెచ్చిస్తామన్నవాళ్లు గడప తొక్కలేదు. నేను పార్టీ మనిషి వైపు చూశాను. అతను గోడకున్న శాంపిళ్లు చూస్తున్నాడు.

నాయకులందరినీ వరసగా పేర్చి, నడుమ పిల్లవాడికి ఒక గుండ్రం వదిలి, చిప్పులో ఉన్న ఒక్క ఫైలునూ తెరిచాను. తెర తెల్లబడింది, ప్రోగ్రాం దానంతటదే మూతపడింది. చేసిన డిజైనంతా పోయింది. మాది కొన్న సాఫ్ట్‌వేరు కాదు, ఎవరి దగ్గరో కాపీ కొట్టింది. దాని తిక్క దానిదే అనుకుని మళ్లీ అంతా పేర్చి మళ్లీ తెరిచాను. మళ్లీ అదే కథ. నోటికొచ్చినట్టు సిస్టాన్ని తిట్టాను.

"ఫోటో లేకుంటే ఏమాయె? పేరు రాయి సాలు. మా అన్న ఫోటో జర పెద్దగ పెట్టు" అన్నాడు పార్టీ మనిషి.

"సచ్చింది మీ అన్ననా?" అన్నాను. అతనికి కోపం వచ్చింది. వస్తే రానీ అనుకున్నాను.

అప్పుడు చూశాను ఫైలు బరువు. పేరు చివర ఫోటోలకుండే 'జేపీజీ' తోకే ఉంది గానీ ఫోటోకి అంత బరువుండదు. "అవ్వా, దీన్ని ఎవలన్న ముట్టుకున్నరా?"

"నిన్న ఇంకో షాపుల ఇయ్యబోతే, గిది ఫోటో గాదు వీడియో, ఫోటో తెమ్మన్నరు. సెల్లు దుకాణంల పోరగాళ్లను బతిమాలితే, పేరు మార్సి ఇచ్చిర్రు." తనే మళ్లీ అంది. "వీని ముందట ఇద్దరు పుట్టి పోయిర్రు బిడ్డా. వీడు పుట్టంగనే పెంటకుప్ప మీద ఏసి, తీస్కొని, పేరు మార్సి పిల్సుకున్నం. బతికిండు. గట్లనే దీని పేరు మారిస్తే గిది గూడ ఫోటో అయితది గదా అనుకున్న."

మా దిక్కు పిల్లలు దక్కని ప్రతి ఇంట్లోనూ చేసే పనే అది. మా నాయినను కూడా మా నాయినమ్మ అట్లాగే దక్కించుకుంది. ఫైలు పేరుకు పాత వీడియో తోక మళ్లీ తగిలించాను. వీడియో తెరుచుకుంది.

తెర నిండా ఆమే. పొయ్యి ముందు కూర్చుని రొట్టె చేస్తోంది. "అవ్వా, ఇటు సూడు, ఇద్దరం పడాలె" అని కొడుకు గొంతు. పక్కన కూర్చుని చెయ్యి చాచి ఫోను పట్టుకున్నట్టున్నాడు. ఆమె నవ్వి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఇగ సాలు తియ్, తిందువు రా" అంది. అయిపోయింది.

ఆమె తెర మీదికి వంగింది. "గిది నేను గదా బిడ్డా. వాడేడి?"

ఒక్కో బొమ్మా ఆపి ఆపి చూశాను. ఎక్కడా ముఖం లేదు. ఫోను కాస్త పక్కకు జరిగిన చోట అంచున ఒక భుజం, ఒక చెవి పడ్డాయి. అంతే. వాటినే వేలితో చూపించాను.

గుండ్రంలో దీపం బొమ్మ పెట్టించుకుని పార్టీ మనిషి ప్రింటు తీయించాడు. దీపం చుట్టూ నాయకులంతా దండం పెడుతున్నారు. దాన్ని చుట్టి బండికి కట్టుకుని, "నడువ్ అవ్వా, యాల్లయితుంది" అన్నాడు. ఆమె స్టూలు మీద నుంచి లేవలేదు.

"గా చెవు తీసియ్యి బిడ్డా."

"మొకం లేదు గదనే అవ్వా."

"ఆ చెవు నా ఒళ్లె కూసోబెట్టుకొనే కుట్టిచ్చిన. వాడెట్ల ఏడ్సిండో నాకెరుకే."

ఆ చెవి వరకే ప్రింటు తీసిచ్చాను. పెద్దది చేస్తే మసకబారింది, అయినా కుట్టిన చోటు కనిపిస్తోంది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. తర్వాత పార్టీ మనిషి వైపు తిరిగి, "మీ దీపానికి మీరు ఏస్కోండ్రి. నా దండ దీనికే" అని బయటికి నడిచింది.