మాజీ మొగుడి వాటా పన్ను వచ్చేసింది!

ఈ రోజు రియాద్‌లో డ్యూటీ దిగి ఆసుపత్రి బస్సెక్కానో లేదో, భీమవరం నుంచి నా మాజీ మొగుడు ఫోన్ చేశాడు. కలిసున్నప్పుడు ఇద్దరం కట్టకుండా వదిలేసిన ఇంటి పన్ను బకాయి, విడాకులయ్యాక నేనొక్కదాన్నే కట్టాను. ఆయన వాటా ఇమ్మని అడిగి అడిగి, చివరికి లాయరు నోటీసు పంపాను.

"డబ్బులు పడ్డాయా?" అన్నాడు.

"ఇప్పుడే పడ్డాయండి."

"ఇంత మొండిదానివి ఎప్పుడయ్యావే?"

"మీతో కాపురం చేశాకేనండి!"

ఆయనా పకపకా నవ్వేశాడు. విడిపోయాక మేమిద్దరం కలిసి నవ్వడం ఇదే మొదటిసారి.

సంగతి చెప్పగానే బస్సులో మలయాళీ సిస్టర్లు చప్పట్లు కొట్టారు. దిగగానే అందరికీ కునాఫా అనే అరబ్బీ మిఠాయి తినిపించాను. పన్ను వసూలైందని పార్టీ ఇచ్చినవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉన్నారా, లేక నేనొక్కదాన్నేనా?