మల్లయ్యను చిన్నచూపు చూసిన రోజులు

2003 వానాకాలంలో విద్యుత్ శాఖ నన్ను ఉప్పల్ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ చేసింది. మాది తెనాలి వైపు. చదువులో ఫస్ట్ క్లాసు, పొగరుకూ లోటు లేదు. నాచారం కార్ఖానాల లైన్లు చూసే లైన్‌మన్ మల్లయ్య నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, చదివింది ఏడో తరగతి. సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపామని రాసిచ్చే కాగితాన్ని మేము లైన్ క్లియర్ అంటాం. దాన్ని ఆయన వేలు పెట్టి, కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివేవాడు. నాకు ఒళ్ళు మండేది. సిబ్బంది ముందే ‘నత్త’ అని పిలిచేవాణ్ణి. వాళ్ళు నవ్వితే నాకదో గొప్ప.

ఒక మధ్యాహ్నం గాలివానకు నాచారంలో పదకొండు కేవీ తీగ తెగి రోడ్డు పక్కన పడింది. లైన్ క్లియర్ తీసుకున్నాం. అయినా మల్లయ్య తీగ ముట్టకుండా ఎర్త్ రాడ్ల కోసం జీపు వైపు నడిచాడు. ఎక్కడి నుంచైనా కరెంటు వస్తే దాన్ని భూమిలోకి పంపే రాడ్లవి. కార్ఖానా మేనేజర్లు తొందరపెడుతున్నారు.

“సబ్‌స్టేషన్‌లో ఆపాక ఇంకా భయమేంటయ్యా? నీకు చేతకాకపోతే నేనే పట్టుకుంటాను,” అంటూ వంగాను.

ఆయన గబగబా వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. “జర ఆగున్రి సార్. ఆపింది మనం. ఇచ్చెటోడు ఇంకోడు ఉండొచ్చు.”

రాడ్డు వైరును ముందు భూమిలో బిగించి, తర్వాత కొక్కేన్ని తీగకు తగిలించాడు. నేను గొణుక్కుంటూ నిలబడ్డాను. ఆయన దూరం జరిగిన నిమిషానికే రాడ్డు దగ్గర భగ్గున మంట లేచింది. పక్క కార్ఖానాలో ఎవరో మెయిన్ స్విచ్ తీయకుండా జనరేటర్ వేశారు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి మా తీగలోకి వచ్చింది.

సాయంత్రం నా పై అధికారి విచారణకు వచ్చి, ఎర్తింగ్ ఎవరు చేయించారని అడిగారు. ఇక నా పరువు పోయిందనుకున్నాను.

“సారే జెయ్యమన్నరు,” అన్నాడు మల్లయ్య.

ఆ అబద్ధం చాటున దాక్కోవడం తేలికే, కానీ ఉండలేకపోయాను. నేను తొందరపడి తీగ పట్టుకోబోయాననీ, ఆయనే ఆపాడనీ చెప్పి, అలాగే రాసిచ్చాను. మెమో వచ్చింది. అది న్యాయమే. బయటికొచ్చాక ఎందుకలా చెప్పావని మల్లయ్యను అడిగాను.

“మీరు కొత్తోళ్ళు సార్. నలుగుర్ల తక్కువ జేసుడెందుకు?” అన్నాడు.

ఈ రోజు కూర్చుని ఇది రాస్తున్నానంటే ఆయన పుణ్యమే. మనిషిని చిన్నచూపు చూసేవాడికి అతని మాట చెవికెక్కదు. మా పనిలో ఆ మాట మీదే ప్రాణాలుంటాయి. నన్ను ఈసడించుకోవడానికి ఆ రోజు మల్లయ్యకు కావలసినంత కారణం ఉంది, అయినా ఈసడించుకోలేదు. ఏ కారణమూ లేకుండా నేను ఆయన్ని రెండు నెలలు ఈసడించాను.