రేగులగుంపు దారిలో ఇన్నమ్మ బండి

మణుగూరు నుంచి రేగులగుంపుకు వెళ్ళే దారిలో బొగ్గు లారీలు తిరిగినంత మేరా తారు లేచిపోయింది. లారీలు తిరగని చోట అసలు తారే వేయలేదు. అలాంటి దారిలో ఒక ఇనుప ముక్కను ఇంకో ఇనుప ముక్కతో కలిపి ఉంచడం కాపురం నిలబెట్టడం కన్నా కష్టం. మన దేవుళ్ళందరికీ వాహనాలున్నాయి. ఎలుక, నెమలి, దున్నపోతు. వాటిలో ఒక్కటైనా దారి మధ్యలో మొరాయించిందనీ, స్వామివారు దిగి కిందికి వంగి చూశారనీ నేనెక్కడా చదవలేదు. ఆ కథలు రాసినవాళ్ళు ఈ దారిన వచ్చి ఉండరు.

ఇన్నమ్మ మాత్రం ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది. ఆమె భర్త ఆంథోని బొగ్గుబావిలో పనిచేసి, రిటైరయ్యాక ఉపదేశి అయ్యాడు. ఫాదరు తరచుగా రాలేని అడవి ఊళ్ళలో ఆదివారం ప్రార్థన నడపడం, పిల్లలకు జపాలు నేర్పడం, చావుకూ పెళ్ళికీ ముందు నిలబడడం ఉపదేశి పని. ఆంథోని పోయాక ఆ పని నువ్వు చెయ్యమని ఇన్నమ్మతో ఎవరూ అనలేదు. ఆమె కూడా ఎవరినీ అడగలేదు. చీర కింద మొగుడి ప్యాంటు తొడుక్కుని, మొగుడి బండిని తన్ని స్టార్టు చేసి వెళ్ళిపోయింది.

ఆ బండి గురించి కొంత చెప్పాలి. మడ్‌గార్డు సైకిలు ట్యూబు ముక్కతో, సైలెన్సరు బైండింగు వైరుతో నిలబడి ఉంటాయి. సైలెన్సరు పగిలిపోయి ఎంత మోత చేస్తుందంటే, వాగుకు ఇవతల ఉండగానే అవతలి గుంపులో, అంటే ఆ అడవి పల్లెలో, కుక్కలు లేస్తాయి. రేగులగుంపు గుడికి గంట లేదు. ఆ మోత వినిపిస్తేనే జనం చేతులు కడుక్కుని బయల్దేరతారు.

దారి పొడవునా ఊడిపడిన నట్లూ బోల్టులూ గుంపువాళ్ళకు దొరుకుతుంటాయి. వాటిని ఆదివారం తెచ్చి కానుకల పళ్ళెంలో వేస్తారు. దేవుడి పని మీద తిరిగే బండి గనక దేవుడికే అప్పజెప్పాలని వాళ్ళ ఉద్దేశం. ప్రార్థన అయ్యాక ఇన్నమ్మ వాటిని ఏరుకుని ఎక్కడివక్కడ బిగించుకుంటుంది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఫాదరుకు ఈ సంగతి తెలియదు. ఆయన అక్కడ మొదటి పూజ చేసిన రోజు, పీఠం ముందుకొచ్చిన పళ్ళెంలో చిల్లర మధ్య ఒక లావుపాటి బోల్టు కనిపించింది.

"ఇదేంటమ్మా! దేవుడికి ఇనప ముక్కలా?"

"నా బండివే ఫాదర్. ఊడిపోతయ్, దొరుకుతయ్."

ఫాదరుకు నవ్వు రాలేదు. పూజ అయ్యాక ఆమెను పక్కకు పిలిచి ఖచ్చితంగా చెప్పాడు. "మట్టల ఆదివారం నేను వచ్చేసరికి గుడి దగ్గర జనం మట్టలతో సిద్ధంగా ఉండాలి. లేదంటే ఈ ఊరు షాలేమ్‌రాజుకు ఇచ్చేస్తాను. కుర్రాడు, ఉపదేశిగా శిక్షణ పొందాడు, కొత్త బండి ఉంది."

"నా ఊరు ఇయ్యనీకి నువ్వెవరు అని అననైతి," అని ఒకప్పుడు ఆంథోనితో బావిలో పనిచేసిన నాతో చెప్పిందామె, ఆ మట్టల ఆదివారం పొద్దున బండి తుడుస్తూ. "ఆయన మీద పూజ బట్టలు చూసి ఊకున్న."

నేను చూడ్డానికి వస్తానన్నాను. "కూసో పెద్దాయనా, వెనక బరువుంటే బండి ఎగరది," అంది.

గాడిదనెక్కి వచ్చిన ఏసుకు జనం మట్టలు పట్టి ఎదురెళ్ళిన రోజు మట్టల ఆదివారం. మా వైపు ఈత మట్టలు పట్టుకుంటారు. అది సరిగ్గా ఇప్పపూల కాలంలో వస్తుంది. తెల్లారకముందే గుంపంతా బుట్టలు పట్టుకుని అడవిలో ఉంటుంది. ఆలస్యమైతే రాలిన పూలు పశువుల పాలవుతాయి. ఇళ్ళలో పిల్లులు తప్ప ఎవరూ ఉండరు.

వాగు దాటి ఎత్తు ఎక్కుతుండగా చైను తెగింది. ఇంజను ఒక్క అరుపు అరిచింది, ఇన్నమ్మ ఆపేసింది. ఇద్దరం టేకాకులు కాళ్ళతో చెదరగొడుతూ ఎగిరిపడ్డ లింకు కోసం వెతికాం. దొరకలేదు. ఆమె చైనును హ్యాండిలుకు చుట్టేసి, కొంగు నడుముకు దోపుకుంది.

"ఫాదరు వచ్చేస్తాడేమో," అన్నాను.

"రానీ. దారి ఆయన అయ్య ఏసిండా? తోద్దాం పట్టు."

కొంత దూరం తోశామో లేదో, చెట్ల మధ్య నుంచి పూలి అనే ఆమె ఇప్పపూల బుట్ట నెత్తిన పెట్టుకుని దిగి వచ్చింది. "అక్కా, మోత వస్తా వస్తా నడుమల ఆగిపాయె. ఏమయిందోనని ఉరికొచ్చినం."

ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చారు. గుంపు పెద్ద జంపయ్య బండి చుట్టూ తిరిగి చూసి, "సచ్చిందా?" అన్నాడు.

"నోరు కడుక్కో. చైను తెగింది."

"ఏసయ్య తెలివిగల్లోడు. గాడిదకు చైను లేకుంట చూసుకున్నడు."

"గాడిద మొండికేస్తే ఏం జేసిండో నీకేం ఎరుక? మాటలు ఆపి మట్టలు కొట్టు మామా."

దారి పక్కనే ఈత చెట్లు. కొడవళ్ళు ఆడాయి. అందరి చేతుల్లోకీ మట్టలు వచ్చాయి. ఇన్నమ్మ అక్కడే పాట ఎత్తుకుంది. ఆ గొంతు తీయనిదని చెప్పను గానీ ఆ ఎత్తు మీద నడిపించే బలం దానికుంది. జంపయ్య వెనక నుంచి బండి తోశాడు. హ్యాండిలు మాత్రం ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

వెనక హారను మోగింది. షాలేమ్‌రాజు కొత్త బండి, వెనక సీటు మీద ఫాదరు. సన్నని దారి, నిండా జనం. ఎవరూ జరగలేదు. మళ్ళీ హారను. పాట ఇంకాస్త పెరిగింది. షాలేమ్‌రాజు చివరికి ఇంజను ఆపి, దిగి, తనూ తన కొత్త బండిని తోయడం మొదలుపెట్టాడు. ఫాదరు ముందుకు నడిచి వచ్చాడు.

"ఇన్నమ్మగారూ, గుడి దగ్గర సిద్ధంగా ఉండమన్నాను కదా!"

"గుడి కాడ గోడలున్నయ్ ఫాదర్. ఊరు ఈడున్నది. మట్టలు ఈడున్నయ్. మీరూ ఈడనే ఉన్నరు. ఇగ ఆలస్యం ఎవరికయింది?"

ఆయన ఏదో అనబోయాడు. పూలి ఒక మట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. చేతిలో మట్ట ఉన్న మనిషి పోట్లాడడం కష్టం. గుడి దాకా నడిచాడు.

పూజ అయ్యాక ఆయనే మళ్ళీ ఆ మాట ఎత్తాడు. "షాలేమ్‌రాజు బండి ఆగిపోదు. మీకే మంచిది," అని జనంతో అన్నాడు.

జంపయ్య తల గోక్కున్నాడు. "పిలగాడు మంచోడే ఫాదర్. గా బండి మోత జెయ్యది. రోడ్డు మీద గసొంటియి మస్తు పోతయ్. ఏ చప్పుడుకని బుట్ట దించి రావాలె మేము?"

"ఆమె రాకపోతే?" అన్నాడు ఫాదరు.

"రాకపోతే ఎతుక్కుంట పోతం," అంది పూలి. "ఇయ్యాల పోలేదా?"

ఫాదరు చేతిలోని మట్టను చీలికలు చేశాడు. తర్వాత షాలేమ్‌రాజు వైపు తిరిగి, "నువ్వు ఏటి ఒడ్డు ఊళ్ళు చూసుకో," అన్నాడు.

ఇన్నమ్మ దండం పెట్టలేదు, సంతోషపడినట్టు కనిపించనూ లేదు. "ఏటి ఒడ్డుకా? ఆ దారంతా ఇసుక. కొత్త బండి బొడ్డు దాకా దిగబడతది తమ్మీ. దిగబడితే ఫోన్ చెయ్, గుంజనీకొస్త," అంది.

షాలేమ్‌రాజు ఆమె నంబరు అడిగి ఫోన్‌లో ఎక్కించుకున్నాడు.