సున్నం వెనక తాత

తడి సున్నం వాసన ఎక్కడ తగిలినా నాకు కాలు కదలదు. మొన్న మార్కాపురంలో ఎవరిదో గొడ్ల కొట్టానికి సున్నం కొడుతుంటే అట్లనే నిలబడిపోయినాను.

మా చిన్నాయన బొమ్మలను చూడ్డానికి ఢిల్లీ దాకా పోయేవాళ్ళున్నారు. మాకు మాత్రం ఆయన, మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో, పలకల గనుల కాడ పారేసిన ముక్కలు ఏరుకొచ్చి, బలపంతో ఊళ్ళోవాళ్ళ మూతులు గీసి తన్నులు తిన్న మనిషి. తాత చనిపోయిన ఏడాది దీపం మసిని ఆముదంలో రంగరించి, వసారా గోడ మీద తాతను దించినాడు: తలగుడ్డ, మెలితిప్పిన మీసం, చంకలో గొర్రెపిల్ల. ఫొటో దిగితే ఆయుస్సు తగ్గుతుందని తాత ఎన్నడూ దిగలేదు గనక, అవ్వకు మిగిలిన తాత అదొక్కటే. చావు జరిగిన ఇంటికి ఏడాది దాకా సున్నం కొట్టరు. ఏడాది తిరిగినాక ఉగాదికి ఇల్లంతా కొట్టించినా, ఆ గోడను మాత్రం అవ్వ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

చిన్నాయన మద్రాసులో బొమ్మల చదువు చదివి, ఏదో బహుమానం గెలిచి, ఎండాకాలం ఇంటికొస్తున్నాడని కబురొచ్చింది. అవ్వ గిద్దలూరులో మా మేనత్త ఇంట్లో ఉంది. అమ్మ సంబరం పట్టలేకపోయింది. సజ్జ బూరెలకు బెల్లం దంచుతూనే, మరిది అంతవాడై వస్తుంటే ఈ మసిగోడ ఏంది, వచ్చినాక రంగుల్లో కొత్తది వేస్తాడులే అనుకుని, సున్నం కలిపి ఆ గోడకూ పూసేసింది.

అవ్వ వచ్చి గడపలో నిలబడింది.

"ఏందే కోడలా, మీ మామకు గూడ సున్నం కొట్టినావా?"

అని కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. అమ్మ తల బాదుకుంది. బూరెలు ఎవరమూ ముట్టలేదు.

సాయంత్రం రైలు దిగి చిన్నాయన వచ్చినాడు. "మళ్ళీ వెయ్యి నాయనా" అంది అవ్వ. "ఆ మొగం ఇప్పుడు నాకు రాదమ్మా" అని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. చాలాసేపటికి లేచి, కాళ్ళు కడుక్కోను పెట్టిన చెంబెడు నీళ్ళు తీసి గోడకు కొట్టినాడు. పల్చటి సున్నం తడిసి, లోపల్నించి తలగుడ్డ, మీసం, గొర్రెపిల్ల మెల్లగా పైకొచ్చినాయి. "వచ్చినాడే మీ మామ!" అని అవ్వ అమ్మను వాటేసుకుంది. గోడ ఆరేసరికి తాత మళ్ళీ పోయినాడు. ఆనాటినుంచి అవ్వ పొద్దున్నే వాకిలి చల్లినాక మిగిలిన నీళ్ళు ఆ గోడకు చల్లేది.

ఆ తరువాతే చిన్నాయన బొమ్మల్లో తెలుపు వచ్చింది, ఆ తెలుపు వెనక ఎవరో మసగ్గా ఉంటారు. అది నల్లమల మంచు అని ఒకాయన పత్రికలో రాస్తే, చిన్నాయన నవ్వి "మా వదిన చేతి సున్నం" అన్నాడు. ఎగతాళి అనుకున్నారు.

అవ్వ పోయింది, అమ్మ పోయింది, పోయినేడు చిన్నాయనా పోయినాడు. ఇంటికి మా అన్న కొడుకు ప్లాస్టిక్ పెయింట్ వేయించినాడు. మొన్న ఎవరూ లేనప్పుడు చెంబెడు నీళ్ళు గోడకు కొట్టి చూసినాను. గోడ చుక్క కూడా తాగలేదు. నీళ్ళన్నీ జారి నా కాళ్ళ మీదికే వచ్చినాయి.