తిన్నాక గంటసేపు

దయ్యాలను నేను నమ్మను. సూర్యాపేటలో ఏళ్ల తరబడి బోరు మోటార్లు బాగు చేస్తున్నాను. మోటారుకు దిష్టి తగిలిందని ఎవరైనా అంటే కొట్లోంచి వెళ్లగొట్టే మనిషిని. ఇది చదివి మీకు నవ్వొస్తే నవ్వండి, నేనైనా అదే చేసేవాణ్ణి.

అన్నవాహికలో క్యాన్సర్ వస్తే హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. అన్నవాహిక తీసేసి, కడుపునే గొట్టంలా కుట్టి ఛాతీలోకి లాగారు. అప్పటినుంచి నా తిండి పిడికెడు పిడికెడు చొప్పున రోజుకు ఆరుసార్లు. తిన్నాక గంటసేపు నిటారుగా కూర్చోవాలి. వెల్లకిలా పడుకుంటే తిన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుందని, ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

నా పక్క మంచంలో అదే ఆపరేషన్ అయినవాడు యాదయ్య. మిర్యాలగూడ పక్కన వేములపల్లి, గొర్రెలు కాసే మనిషి. తినగానే ఇద్దరికీ నిద్ర ముంచుకొచ్చేది. అందుకని ఒప్పందం చేసుకున్నాం. మధ్యాహ్నం తిన్నాక ఒకరోజు నేను, ఒకరోజు అతను ఫోన్ చేయాలి. "సత్తెన్నా, లేసి కూసో" అని మొదలుపెట్టి, గంటసేపు గొర్రెల సంగతులతో నా ప్రాణం తోడేసేవాడు. ఏడాదిన్నర మమ్మల్ని బతికించింది ఆ సోదే.

పోయిన వేసవిలో కోదాడలో మా బామ్మర్ది ఇంట్లో పెళ్లి మర్నాటి విందు. నా కంచం చూసి వాడికి నామోషీ అయింది. "ఏంటి బావా, మా ఇంటికొచ్చి ఇంతేనా తినేది? జనం ఏమనుకుంటారు?" అంటూ మాంసం గుమ్మరించాడు. గొడవెందుకని తిన్నాను. ఇంకో పది మాటలు పడి ఉన్నా బాగుండేది. కాసేపటికే చెమటలు, గుండె దడ. లోపలి గదిలో చాప మీద వెల్లకిలా పడిపోయాను. ఆ రోజు ఫోన్ చేయాల్సిన వంతు నాది. ఆ మాటే మరిచిపోయాను.

"సత్తెన్నా, లేసి కూసో."

సరిగ్గా చెవి పక్కన, కోపంగా. దిగ్గున లేచాను. లేవగానే పుల్లటి నీళ్లు గొంతులోకి తన్నుకొచ్చాయి. అక్కడే కక్కేశాను. గదిలో ఎవరూ లేరు. ఫోన్ బయట నా భార్య సంచిలో ఉంది. తీసి చూస్తే ఒక్క కాల్ కూడా రాలేదు. టైము రెండుంబావు. యాదయ్యకు చేశాను, ఎత్తలేదు. నాకు చచ్చే భయం వేసింది.

సాయంత్రానికి అతని భార్య లక్ష్మమ్మ ఎత్తింది. మిర్యాలగూడ దవాఖానలో ఉన్నారట.

"నీ ఫోన్ కోసం సూసి సూసి కుర్సీలనే కూసున్నడన్నా. నిద్రాగక ఇగ మంచంల ఒరిగిండు. రెండు దాటినంక 'సత్తెన్నా, లేసి కూసో' అని ఒర్లిండు. ఫోన్ల మాట్లాడుతున్నడనుకొని నేను లేపలే. జరసేపటికే ఒకటే దగ్గు."

మూడోరోజు యాదయ్య పోయాడు.

మగతలో నేనే ఊహించుకున్నానని సరిపెట్టుకుందామంటే, లక్ష్మమ్మ చెప్పిన టైము అడ్డొస్తుంది. ఆ గొంతు కోదాడ దాకా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

దినాలకు వెళ్లాను. లక్ష్మమ్మ నాకు పిడికెడే పెట్టి, తిన్నాక నేను నడుం వాల్చకుండా గంటసేపు ఎదురుగా కూర్చుంది.

"ఆ దినం నీ ఫోన్ కలవలే కదన్నా?" అని అడిగింది.

కలవలేదమ్మా అన్నాను.