మౌస్ ముట్టని టైపిస్టు

నాకు అనుమానం ఎక్కువ. ఇది మా ఆవిడ మాట, నేను కాదనను. రాయచోటిలో రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్క సందులో ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నవాడికి అనుమానం లేకపోతే ఎలా? అమ్మేవాణ్ని అనుమానించాలి, కొనేవాణ్ని అనుమానించాలి, సాక్షి సంతకం పెట్టేవాణ్నయితే రెండుసార్లు అనుమానించాలి.

కిందటేడు కొత్త టైపిస్టు చేరింది. కోసిగి అమ్మాయి. అమ్మానాన్నలు ఏటా సుగ్గికని గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోయేవాళ్లట. ఈమె హాస్టల్లో చదువుకుని, బెంగళూరులో రెండేళ్లు కంప్యూటర్ పని చేసి, పెళ్లయ్యాక ఈ ఊరొచ్చింది. భర్తకు ఇక్కడ పని సరిగా దొరకడం లేదని, ఈ ఉద్యోగం నిలబడకపోతే తామూ సుగ్గికి పోవాల్సిందేనని మొదటిరోజే చెప్పింది.

చేరిన వారానికే మౌస్ పీకి డ్రాయరులో పడేసింది. తెర మీద ఒక్క బొమ్మ మిగల్చలేదు. ఏదో మీట నొక్కితే ఒక విండో తెర నిండా తెరుచుకునేది. ఇంకోటి తెరిస్తే అది జరిగి సగం చోటిచ్చేది. మూడోది వస్తే రెండూ మళ్లీ సర్దుకునేవి. ఒకదాని మీద ఒకటి పడే మాటే లేదు, ఆమె చేతులు కీబోర్డు వదిలేవే కావు. అడిగితే, మౌస్ పట్టుకుంటే శానా ఆలస్యమవుతుందంది. నేను నమ్మలేదు. ఆమె భోజనానికి పోయినప్పుడు మౌస్ తగిలించి చూశాను. నొక్కడానికి ఏమీ కనబడలేదు. నా కంప్యూటరుకు నాకు తెలియకుండా తాళం వేసినట్టుంది.

పైగా నేను కుర్చీలోంచి లేచిన చప్పుడైతే చాలు, టక్కున ఒక మీట నొక్కేది. తెర మీదున్నదంతా పోయి వేరేది వచ్చేది. అదే రోజుల్లో నా దగ్గర రాయించుకునే పాత పార్టీ ఒకాయన, ఎదురుగా ఉన్న ఇంకో దస్తావేజు రాసేవాడి షాపు మెట్లెక్కాడు. ఇంకేముంది, నా డ్రాఫ్టులన్నీ అటే పోతున్నాయని తేల్చేసుకున్నాను.

నేను పని చేసే తీరు ఒకటి చెప్పాలి. పాత దస్తావేజు ఒక్కసారి చదివి మూసేస్తాను. తూర్పు వాకిలికి ఎదురుగా కూర్చుని, కళ్లు మూసుకుని, ఆ పొలం నడుమ నిలబడ్డట్టు చేతులు చాపి హద్దులు చెబుతాను. ముందుకు చాపితే తూర్పు, వెనక్కి ఊపితే పడమర, కుడిచెయ్యి దక్షిణం, ఎడమది ఉత్తరం. వెనక కూర్చున్న టైపిస్టు కొట్టుకుంటూ పోవాలి. చూడ్డానికే జనం ఆగేవారు. నాకు అదో గర్వం.

ఈమె మీద ఓ కన్నేసి ఉంచడానికి కుర్చీని పడమటికి తిప్పేశాను. ఇప్పుడు ఆమె వీపూ తెరా నాకు ఎదురుగా ఉన్నాయి. రెండు కాగితాలు పక్కపక్కన కనిపించేవి గానీ, అక్షరాలు అందేవి కావు. చూపు ఆనదు, చెబితే పరువు తక్కువ. మూడు నెలలు అలాగే కాపలా కాశాను. చివరికి సోమవారం నుంచి వేరే టైపిస్టును రమ్మని చెప్పేసి, శనివారం చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా వెళ్లి ఆమె వెనక నిలబడ్డాను. అయినా మీట నొక్కేసింది.

"ఆ దాచింది చూపీమ్మా" అన్నాను.

మళ్లీ అదే మీట నొక్కింది. ఎడమ సగంలో పాత దస్తావేజు, కుడి సగంలో పొద్దున నేను చెప్పింది. తూర్పు హద్దు రైతు పడమట ఉన్నాడు. దక్షిణాన ఉండాల్సిన వంక ఉత్తరాన పారుతోంది. తప్పుల కింద ఎర్రగీతలు. ఇంకో మీట నొక్కితే ఇంకో జత, మళ్లీ ఇంకో జత. పదకొండు దస్తావేజులు. అన్నీ ప్రింటుకు ముందే దిద్దింది. ఆ ప్రింట్లు పార్టీలకు చదివి వినిపించింది నేనే. ఒక్కసారీ తేడా పట్టలేదు.

"చేరినప్పట్నించీ పోల్చి చూస్తాండా సార్. మీరు చెప్పిందాన్ని నేను సరిచూసేది మీకు తెలిస్తే బాగుండదని దాస్తాంటి."

అప్పట్నుంచీ తప్పులున్నాయా అని అడిగాను.

"మొదట్లో ఒగటి గూడా లేదు సార్. మీరు కుర్చీ ఈ పక్కకు తిప్పుకున్నప్పట్నించే వస్తాండాయి."

తూర్పనుకుని ముందుకు చాపిన నా చెయ్యి మూడు నెలలుగా పడమటికి పోతోందన్నమాట. నాకు తల తీసేసినట్టయింది. ఆమె మాత్రం ఏ అనుమానమూ లేకుండా నా వైపు తిరిగింది.

"ఎందుకు తిప్పుకున్నారు సార్? వాకిట్లోంచి ఎండ కొడతాండాదా?"

"అవునమ్మా, ఎండ" అన్నాను.

సందు చివరికి పోయి, సోమవారం రావద్దని ఆ రెండో టైపిస్టుకు ఫోన్ చేశాను. కారణం చెప్పలేదు.

సోమవారం నేను వెళ్లేసరికి తూర్పు వాకిలికి పరదా వేలాడుతోంది. పాత చీరను మడిచి తనే కుట్టి తెచ్చింది. ఇంక ఎండ పడదు, తిప్పుకోండి సార్ అంది. తిప్పుకున్నాను. ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాక గానీ కళ్లు తుడుచుకోలేకపోయాను.