చిన్న రాయి మీద సూర్యుడు

ఆ రెండు రాళ్ళూ నావే అనుకునేదాన్ని. యాచారం వైపు ఒక కంది చేనులో ఉంటాయవి. ఒకటి నాకు రెండింతల ఎత్తు, వేల ఏళ్ళ కిందటి సమాధి దగ్గర నిలబెట్టిన రాయంటారు. దానికి ఆగ్నేయంగా, ఇరవై అడుగుల దూరంలో, నడుమెత్తు చిన్న రాయి. డిసెంబరులో పొద్దు బాగా దక్షిణానికి జరిగిన రోజున, పెద్ద రాయికి వీపు ఆనించి కూర్చుని చూస్తే సూర్యుడు సరిగ్గా ఆ చిన్న రాయి నెత్తిన పొడుస్తాడా? పొడిస్తే, పాతకాలం వాళ్ళు సూర్యుడి లెక్క చూసుకునే వాటిని పాతారనడానికి ఒక ఆధారం. అది తేల్చాలని నా పట్టుదల.

ఇబ్రహీంపట్నంలో కర్రీ పాయింట్ నడుపుకునేదానివి, నీకు రాళ్ళతో ఏం పనని మా ఆయన నవ్వేవాడు. రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన ఇక్కడ ఒక గ్రూపు పెట్టారు. మాలాంటి మామూలు వాళ్ళం పాత రాళ్ళ దగ్గర సూర్యోదయాలు చూసి ఫొటోలు పెడతాం, ఆయన అన్నీ కలిపి పరిశోధకులకు పంపుతారు. వంటకి తప్ప నన్నెవరూ దేనికీ మెచ్చుకోలేదు. ఆయన పంపే ఆ కాగితాల్లో ఒక్కసారి నా పేరుండాలని ఆశ.

రెండేళ్ళు చలిలో వెళ్ళాను. రెండేళ్ళూ పొగమంచే. మూడో ఏడు సరిగ్గా ఆ రోజుకే అయ్యప్ప స్వాముల భిక్షకి వంట ఒప్పుకున్నాను. "ఫికర్ చెయ్యకు, నేను పోతలే అక్కా" అంది అంగన్‌వాడీ టీచరు. యాచారం మనిషి, గ్రూపులో చేరి నెల కూడా కాలేదు.

సాంబారుకి పోపు వేస్తుంటే ఫొటో వచ్చింది. మంచు లేదు, మబ్బు లేదు. రాయి నెత్తిన నిమ్మకాయ పెట్టినట్టు సూర్యుడు. "శభాష్ బిడ్డా! రెండేండ్ల సంది ఎదురుచూస్తున్న ఫొటో!" అని మాస్టారు రాశారు. ఎదురుచూసింది నేను, శభాష్ ఆమెకి. చప్పట్ల బొమ్మలు ఎన్ని వచ్చాయో లెక్కపెడుతుంటే పోపు మాడిపోయింది. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసింది, మర్నాడు కూడా చేసింది. గొప్పలు వినే ఓపిక లేక ఎత్తలేదు.

మూడో రోజు తెల్లవారకముందే ఆటో ఎక్కి నేనూ వెళ్ళాను. ఆ నాలుగు రోజులూ పొద్దు దాదాపు ఒకచోటే పొడుస్తుంది. పొడిచింది, రాయి నెత్తినే. ఏం లాభం? రెండో ఫొటో ఎవడికి కావాలి?

గట్టు మీద అనపకాయలు తెంపుతున్న ముసలామె, ఆ చేను ఆమెదేనట, నన్ను చూసి నవ్వింది.

"రెండేండ్ల సంది వస్తున్నవ్, ఒక్కనాడన్న మాట్లాడకపోతివి. గా చిన్న రాయిల ఏమున్నది బిడ్డా? గది మా మామ పాతిండు, బర్రెలు ఒళ్ళు గోక్కోనీకి."

నా రెండేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. ఏడవాలి కదా? మనసు గంతులేసింది. ఆ టీచరు ఫొటో కూడా బర్రెల పాలే! నాకో కన్ను పోయినా ఫర్వాలేదు, ఎదుటివాళ్ళకి రెండూ పోవాలనుకునే రకాన్నని ఆ రోజు తెలిసింది. మాస్టారికి అప్పుడే ఫోన్ చేసి చెప్పవచ్చు. చెప్పలేదు. ఆదివారం గ్రూపు మీటింగులో, అందరి ముందూ, ఆమె ముఖం చూస్తూ చెప్పాలి.

ఆదివారం పులిహోర కూడా కలుపుకుని వెళ్ళాను. మాస్టారు ఫొటోని గోడ మీద పెద్దగా వేశారు. నేను గొంతు సవరించుకునేలోపే ఆమె లేచింది.

"సార్, నా ఫొటో తీసెయ్యుండ్రి. గ్రూపుల పెట్టినంక చేనుకాడ అవ్వను అడిగిన. చిన్న రాయి బర్రెల కోసం పాతిండ్రట. అప్పుడే చెప్పకపోవుడు నా తప్పే. అక్క రెండేండ్లు కష్టపడ్డది, ముందుగాల ఆమెకే చెప్దామని రెండుసార్లు ఫోన్ చేసిన, ఎత్తలే. గ్రూపుల ఒక్కసారే చూస్తే మస్తు బాధపడ్తదని ఇన్ని దినాలు ఆగిన."

మాస్టారు నా వైపు తిరిగారు. "నీకు ఎర్కేనా అమ్మా?"

"లేదండీ" అన్నాను.

ఆమె వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "పెద్ద రాయి మాత్రం అసలుదేనంటది అవ్వ. వచ్చే ఏడు ఇద్దరం పోదామక్కా" అంది. నేను లేచి అందరికీ పులిహోర పెట్టాను, ఆమెకి ఇంకో గరిటె ఎక్కువే వేశాను.

ఫొటో మీద కుళ్ళు ఆ రోజుతో పోయింది. ఒకే మాట ఇద్దరం వారమంతా దాచాం. ఆమె ఎందుకు దాచిందో అందరికీ తెలుసు. నేను ఎందుకు దాచానో ఆమెకి ఇప్పటికీ తెలియదు. తెలిసినా నన్ను అక్కా అనే పిలుస్తుందేమో, ఆ మంచితనం మీద నాకు ఇంకా కుళ్ళే.